షెఫీల్డ్‌ను చూపిన రెండు సినిమాలు

ఉక్కుకు పేరుపడ్డ ఇంగ్లండ్ నగరం షెఫీల్డ్ అనగానే నాకు రెండు సినిమాలు గుర్తొస్తాయి. 1984లో బీబీసీ తీసిన ‘థ్రెడ్స్’ అణుయుద్ధంలో ఆ ఊరు ఏమవుతుందో చూపుతుంది. వేడికి గుమ్మం ముందున్న పాలసీసాలు కరిగిపోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే ఆకలి, చలి ఇంకా భయంకరం. గుండె దిటవు ఉంటేనే చూడండి.

1997 నాటి ‘ది ఫుల్ మాంటీ’ కర్మాగారాలు మూతపడి వీధిన పడ్డ కార్మికుల కథ. కొడుకును చూసుకునే హక్కు నిలుపుకోవాలంటే వారిలో ఒకడైన గాజ్‌కు డబ్బు కావాలి. అందుకే మిత్రులతో కలిసి వేదికపై బట్టలు విప్పి ఆడటానికీ సిద్ధపడతాడు. నిరుద్యోగ భృతి వరుసలో నిలబడ్డ ఈ మగవాళ్లు పాట వినబడగానే తెలియకుండానే ఒళ్లు కదుపుతారే, ఆ ఒక్క దృశ్యం కోసమైనా నా ఓటు దీనికే.