జాగ్రత్త: బ్రస్సెల్స్ 'యూరోపియన్ అఫైర్స్' ప్రోగ్రామ్‌కి అడ్వాన్సు కట్టబోయేవాళ్ళు ఇది చదవండి

యూరోపియన్ యూనియన్ (ఈయూ) ఎలా నడుస్తుందో నేర్పుతామంటూ పొలిటికల్ సైన్స్, లా చదివే పిల్లలకి, ఈయూ ఆఫీసులుండే బ్రస్సెల్స్‌లో (బెల్జియం) ఒక సమ్మర్ అనో, ఒక సెమిస్టర్ అనో ప్రైవేటు సంస్థలు అమ్మే ప్యాకేజీల గురించి ఈ పోస్టు. పేర్లు రాయడం లేదు. పేర్లు మారుతుంటాయి, బ్రోషరు మాత్రం మారదు. వెళ్ళొచ్చినవాళ్ళ ఫిర్యాదులన్నీ చివరికి ఒక్కచోటికే వస్తాయి: ఊరికే దొరికేదానికి డబ్బు తీసుకున్నారు, డబ్బు పెట్టి కొన్న చదువు మాత్రం ఇవ్వలేదు.

"యూరోపియన్ పార్లమెంటులో ప్రత్యేక ప్రవేశం" అని పెద్దక్షరాల్లో వేస్తారు. ఆ పార్లమెంటు సమావేశ మందిరం చూడ్డానికి ఎవరూ టికెట్ కొనక్కర్లేదు. దగ్గర్లోనే ఉన్న పార్లమెంటారియం (పార్లమెంటు సందర్శకుల కేంద్రం), హౌస్ ఆఫ్ యూరోపియన్ హిస్టరీ అనే మ్యూజియం కూడా ఉచితమే. గ్రూపుగా వెళ్తే ముందే బుక్ చేసుకోవాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి, అంతే. పక్క దేశం లక్సెంబర్గ్‌లో ఈయూ కోర్టు చూడ్డానికీ రుసుము లేదు. ఆ మాటకొస్తే ఆ దేశంలో 2020 నుంచి బస్సుకీ ట్రాముకీ కూడా ఛార్జీ లేదు.

అంతకంటే పెద్ద మోసం తేదీల్లో ఉంటుంది. జులై చివర్లో మొదలై ఆగస్టులో చాలా భాగం పార్లమెంటుకి సెలవులు. "ఆగస్టు బ్యాచ్‌కి డిస్కౌంట్" అంటే ఖాళీ కుర్చీలు చూసి రమ్మని అర్థం. మామూలు నెలల్లోనూ చిక్కుంది: ప్రధాన సమావేశాలు ఏడాదికి 12 సార్లు, నాలుగేసి రోజులు, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో జరుగుతాయి. ఆ వారం సభ్యులు, వాళ్ళ సిబ్బంది, పెట్టెలు అన్నీ అక్కడికే పోతాయి, బ్రస్సెల్స్ భవనం బోసిపోతుంది. పార్లమెంటు క్యాలెండర్ ఆన్‌లైన్‌లో అందరికీ ఉంది. బ్యాచ్ తేదీలు దాని పక్కన పెట్టి చూడండి, రెండు నిమిషాల పని.

బ్రోషరు రాసినవాళ్ళకి విషయం తెలుసో లేదో పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష: "కౌన్సిల్" అనే మాట వెతకండి. స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్ 46 దేశాల సంస్థ, 27 దేశాల ఈయూలో భాగం కాదు. ప్రధానులు, అధ్యక్షులు కూర్చునేది యూరోపియన్ కౌన్సిల్. మంత్రులు కూర్చునేది కౌన్సిల్ ఆఫ్ ది ఈయూ. ఈ మూడింటినీ కలగాపులగం చేసినచోట పాఠం చెప్పే మనిషి ఆ కాయితం చూడనే లేదన్నమాట.

ఇక క్రెడిట్లు. యూరప్ యూనివర్సిటీలు చదువుని ఈసీటీఎస్ క్రెడిట్లలో కొలుస్తాయి. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు, సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు. "నాలుగు వారాలు, 15 క్రెడిట్లు" అన్నారనుకోండి. తక్కువలో తక్కువ 375 గంటలు. ఆదివారాలు కూడా కలిపి 28 రోజులకి పంచితే రోజుకి 13 గంటల పైమాటే. అందులోనే బ్రూజ్ ఊరికి విహారం, చాక్లెట్ వర్క్‌షాపు కూడా! చివరికి చేతిలో పెట్టేది రంగుల సర్టిఫికెట్టు. మన యూనివర్సిటీకి కావలసింది మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్, అదీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ ఇచ్చింది. "క్లాసులు ఫలానా యూనివర్సిటీలో" అన్న మాటకి పడిపోవద్దు, హాలు ఎవరైనా అద్దెకి తీసుకోవచ్చు. క్రెడిట్లు కలుపుకుంటామని మీ కాలేజీ దగ్గర బయల్దేరేముందే రాయించుకోండి. తిరిగొచ్చాక అడిగితే పని జరగదు.

"కమిషన్‌లో (ఈయూ పాలన నడిపే సంస్థలో) ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం" అంటే లేచి వచ్చేయండి. యూరోపియన్ కమిషన్ సొంత ఇంటర్న్‌షిప్, బ్లూ బుక్ శిక్షణ, మార్చిలో, అక్టోబరులో మొదలవుతుంది, ఐదు నెలలు, స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు. డిగ్రీ ఉండాలి, దరఖాస్తు కమిషన్ సైట్‌లోనే, ఫీజు లేదు, ఏజెంటూ లేడు. ఈయూ బయటివాళ్ళకి సీట్లు కొన్నే.

సెమిస్టర్ ప్యాకేజీ అయితే వీసా దగ్గర ఎక్కువ దెబ్బ తింటారు. షెంగెన్ (బెల్జియంతో సహా ఒకే వీసా చెల్లే యూరప్ దేశాలు) షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే ఉండాలి. సెప్టెంబరులో మొదలై జనవరిలో పరీక్షలున్న సెమిస్టర్ అందులో పట్టదు, ఎక్కువకాలం ఉండడానికిచ్చే డి వీసా కావాలి. "మధ్యలో లండన్ వెళ్ళొస్తే రోజులు మళ్ళీ మొదటికి వస్తాయి" అని కొందరు నమ్మబలుకుతారు. రావు. 2025 అక్టోబరు 12న మొదలైన ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్‌లో (సరిహద్దులో రాకపోకలు నమోదు చేసే ఏర్పాటు) లెక్క కంప్యూటరే వేస్తుంది.

డి వీసా మీద వెళ్ళినా బ్రస్సెల్స్‌లో దిగిన 8 పనిదినాల్లో కమ్యూన్ (స్థానిక మునిసిపాలిటీ) ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవాలి. గది పేచీ ఇక్కడే వస్తుంది. విద్యార్థి గదిని అక్కడ 'కాట్' అంటారు. చాలా కాట్ ఒప్పందాల్లో "డొమిసిలియేషన్ కుదరదు" అని ఒక వాక్యం ఉంటుంది. అంటే ఆ చిరునామా మీద నమోదు చేయించుకోనివ్వరు. నమోదు లేకపోతే రెసిడెన్స్ కార్డు లేదు. అందుకే "వసతి మాదే" అన్న మాట సరిపోదు, గది ఒప్పందం కాపీ అడిగి ఆ వాక్యం ఉందో లేదో చదవండి. ఫ్రెంచిలోనో డచ్చిలోనో ఉంటే ఫోన్‌లో అనువదించుకోండి.

డబ్బు కట్టే తీరు కూడా చూసుకోండి. బిల్లు టూర్ ప్యాకేజీ పేరుతో ఉంటే టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే వసూలు చేసే పన్ను) మొదటి రూపాయి నుంచే పడుతుంది. చదువు ఫీజుగా బ్యాంకు ద్వారా పంపితే ఏడాదికి 10 లక్షలు దాటాకే. కన్సల్టెన్సీ కరెంటు ఖాతాకి కాకుండా యూనివర్సిటీ ఖాతాకే పంపండి. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారో అంకెతో రాయించుకోండి, "నిబంధనల ప్రకారం" అంటే ఏమీ ఇవ్వరనే లెక్క.

ఈ సబ్జెక్టు నిజంగానే చదవాలంటే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ (ఈయూ నిధులతో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సులు) చూడండి. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు. దరఖాస్తు నేరుగా ఆయా యూనివర్సిటీల కూటమికే.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు బ్రోషరు పీడీఎఫ్, వాట్సాప్ మాటలు, రసీదులు చెరిపేయకండి. ముందు మెయిల్‌లో రీఫండ్ అడగండి, ఫోన్‌లో వద్దు. జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, గడువు రెండేళ్ళు.