పాత ట్రాక్టరు గేరుబాక్సు: ఉన్నదాన్నే బాగుచేయించడమా, సెకండ్ హ్యాండ్‌ది వేయించడమా?

ఇరవై ముప్ఫై ఏళ్లు దుక్కిలోనూ దమ్ములోనూ ట్రక్కు తోలకంలోనూ నలిగిన ట్రాక్టరు, గేరు వేయబోతే గరగరమన్నా, పడిన గేరు బరువు మీద జారిపోయినా, యజమానికి మూడు దారులు కనిపిస్తాయి. బండిని విడదీయకుండా పైపైన సరిచేయించడం మొదటిది. క్లచ్ హౌసింగు దగ్గర రెండుగా విడదీసి అరిగిన పళ్లచక్రాలు, బేరింగులు మార్పించడం రెండవది. తుక్కుకు వచ్చిన మరో ట్రాక్టరు నుంచి గేరుబాక్సు మొత్తంగా తెచ్చి బిగించడం మూడవది. చాలామంది ధర అడిగి దారి ఎంచుకుంటారు; కానీ చప్పుడు ఎప్పుడు వస్తున్నదో, ఎప్పుడు ఆగుతున్నదో తేలకముందు ఏ ధరకూ అర్థం లేదు.

టాఫే వారి మాసీ ఫెర్గూసన్ 1035 వంటి పాత నమూనాలలో ఉండేది స్లైడింగ్ మెష్ గేరుబాక్సు. అందులో పళ్లచక్రమే షాఫ్టు మీద జరిగి ఎదుటి చక్రంతో కలుస్తుంది కాబట్టి, బండి ఆగకుండా గేరు మార్చితే చప్పుడు రావడం సహజమే గాని జబ్బు కాదు. అందుచేత బండిని నిలిపి, ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చి, క్లచ్ పెడల్‌ను పూర్తిగా తొక్కి నాలుగైదు సెకన్లు ఆగిన తరువాత రివర్సు గేరు వేసి చూడాలి. అప్పుడు కూడా పళ్లు కొరుక్కుంటే తప్పు ముందుగా గేరుబాక్సులో కాదు, పూర్తిగా విడిపించని క్లచ్‌లో వెతకాలి. పెడల్ ఖాళీ కదలిక (క్లచ్ కదలకముందు పెడల్ వదులుగా దిగే దూరం) ఎంత ఉండాలో ఆ నమూనా పుస్తకంలో ఉంటుంది. కొలబద్ద పెట్టి కొలిచి, రాడ్డు మీది నట్టుతో సరిచేయడం అరగంట పని. ఈ పని చేయకుండానే గేరుబాక్సు విప్పించుకున్నవారు తక్కువేమీ కాదు. డ్యూయల్ క్లచ్ ఉన్న బండిలో పెడల్ సగం తొక్కితే చక్రాలకు, పూర్తిగా తొక్కితే పీటీఓకు (బండికి తగిలించిన పనిముట్లను తిప్పే షాఫ్టుకు) కూడా శక్తి ఆగుతుంది గనుక ఆ రెండు దశలనూ విడివిడిగా పరీక్షించాలి.

తరువాత చెవి పని. న్యూట్రల్‌లో వినిపించే గుర్రుమనే చప్పుడు పెడల్ తొక్కగానే ఆగిపోతే అనుమానం గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగుల మీదికి పోతుంది. తొక్కినప్పుడే మొదలైతే, క్లచ్‌ను నొక్కి విడిపించే రిలీజ్ బేరింగు మీదికి. ఒక్క గేరులోనే వచ్చే కటకట ఆ గేరు పళ్లది. అన్ని గేర్లలోనూ వస్తే బేరింగులనో క్రౌను పినియనునో (శక్తిని వెనుక చక్రాల వైపు మళ్లించే పళ్లచక్రాల జత), మలుపులో మాత్రమే వస్తే రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌నో చూడాలి. గేరు జారిపోవడానికి కారణం లివరు కింది బంతి, స్ప్రింగు అరగడమో, పళ్లచక్రాన్ని జరిపే షిఫ్టరు ఫోర్కు పలచబడడమో అయితే చాలా నమూనాలలో పై మూత విప్పితేనే తెలిసిపోతుంది. పళ్ల అంచులు ఏటవాలుగా అరిగి జారుతుంటే మాత్రం విడదీయక తప్పదు.

మన వరి ప్రాంతాలలో ఆయిలుదే వేరే కథ. దమ్ము చక్రాలు కట్టి బురదనీటిలో రోజుల తరబడి తిప్పిన ట్రాక్టరులోకి అరిగిన సీళ్ల గుండా, చిరిగిన గేరు లివరు తొడుగు గుండా నీరు చేరి ఆయిలు మజ్జిగలా మారుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, ఉదయాన్నే అడుగు ప్లగ్గును కొంచెం వదులు చేస్తే విడివడి అడుగుకు చేరిన నీరు ముందుగా కారుతుంది. ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద మెత్తని బూడిదరంగు ముద్ద కనిపించడం సాధారణం. గోరుకు తగిలే ఉక్కు పెచ్చులు గాని, ఇత్తడి రంగు తునకలు గాని కనిపిస్తే పైపై వైద్యం ఇక చాలదు. గేరుబాక్సుకూ హైడ్రాలిక్సుకూ ఒకే ఆయిలు ఉన్న బండిలో ఆ పెచ్చులే లిఫ్టు పంపును కూడా తింటాయి.

విడదీయవలసి వచ్చినప్పుడు రెండవ దారికీ మూడవదానికీ మధ్య నా మొగ్గు రెండవదానికే. సెకండ్ హ్యాండ్ గేరుబాక్సు రెండు రోజులలో బిగుస్తుందన్నది నిజమే. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల దొరికితే విడిభాగాల మొత్తం ధరకన్నా చవకగానూ పడవచ్చు. కానీ తుక్కుకు వచ్చిన బండి ఎందుకు వచ్చిందో అమ్మేవాడు చెప్పడు. మూత తీయించి, షాఫ్టును చేత్తో తిప్పి, ప్రతి పన్నూ టార్చి వెలుతురులో చూడనివ్వని చోట బేరం ఆడకపోవడమే మంచిది. పేరు ఒకటే అయినా తయారైన ఏడాదిని బట్టి క్లచ్ షాఫ్టు మీది గాడులు, క్రౌను పినియను నిష్పత్తి మారి ఉండవచ్చు. మన గేరుబాక్సులో అయితే పోయినదేదో, మిగిలినదేదో కళ్లముందే ఉంటుంది.

ఆ రెండవ దారిలోనూ పిసినారితనం పనికిరాదు. విడదీసే కూలి ఎలాగూ ఇస్తున్నాం కాబట్టి, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, క్లచ్ షాఫ్టు ముందు కొనను మోసే పైలట్ బేరింగు, ఇంజను వెనుక ఆయిల్ సీలు అరుగుదల మొదలై ఉంటే అప్పుడే మార్పించాలి. ఒక పళ్లచక్రం విరిగితే దానితో కలిసే జత చక్రాన్నీ చూడాలి. క్రౌనును, పినియనును ఎప్పుడూ జతగానే మార్చాలి. విరిగిన పన్ను మీద వెల్డింగు పోసి ఆకురాయితో రాసి ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఉన్నది. ఆ వేడికి ఉక్కు పైపొర గట్టిదనం పోతుంది గనుక ఆ పన్ను మళ్లీ విరిగి, ఈసారి పక్క చక్రాన్నీ తీసుకుపోతుంది.

మూడవ దారి మేలయ్యే సందర్భాలు రెండే: హౌసింగే పగిలినప్పుడు, లేదా రెండు మూడు షాఫ్టులు ఒకేసారి పోయి ఆ నమూనాకు కొత్త భాగాలు దొరకనప్పుడు. అప్పుడు కూడా తెచ్చిన గేరుబాక్సుకు సీళ్లన్నీ కొత్తవి వేయించి, పుస్తకంలో చెప్పిన రకం ఆయిలే పోయించాలి. ఏ దారిలో చేయించినా మొదటి 50 గంటల పని కాగానే ఆయిలు దింపి, ప్లగ్గు మీద ఏమి అంటుకున్నదో మరొకసారి చూసుకోవాలి.