శ్రీకాకుళంలో రెండు రోజులు: సదస్సుకి వెళ్లండి, ఆ లాడ్జికి మాత్రం వద్దు

ముందే చెప్పేస్తున్నా, రైల్లో వెళ్లేవాళ్లు స్టేషన్ శ్రీకాకుళం ఊళ్లోనే ఉంటుందనుకోకండి. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ దిగేది ఆమదాలవలసలో, అక్కణ్ణించి ఊరు ఇంకో పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. రాత్రి తొమ్మిదిన్నరకి దిగాం. ఆటో అతను 400 అన్నాడు, నేను 200 అన్నాను, ఈలోపు మా మేనల్లుడు "ఎక్కేద్దాం మావయ్యా" అని బ్యాగు లోపల పెట్టేశాడు, ఇంకేం బేరం ఆడతాం. 350 వదిలాయి. పగలైతే షేర్ ఆటోలో మనిషికి 40, తిరిగొచ్చేటప్పుడు బుద్ధిగా అదే ఎక్కాం.

మాకు తునిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. శ్రీకాకుళం బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ (అంటే కోడ్ ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకోగలిగేది) మీద రెండు రోజుల సదస్సు అని తెలిసి, తెలుగు ఫాంట్ల గురించి కూడా చెబుతారంటే బయల్దేరాను. మేనల్లుడు బీటెక్ మూడో ఏడు. వాడు వచ్చింది వాళ్లమ్మ తిట్లు పడలేక, అందుకే దారంతా ఇయర్‌ఫోన్లు చెవుల్లోంచి తియ్యలేదు.

ఇక లాడ్జి. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర్లోనే, పేరు చెప్పను. ఫోన్లో ఏసీ రూము రోజుకి 1,200 అన్నారు. తీరా వెళ్తే 1,416 అన్నాడు కౌంటర్లో కుర్రాడు, జీఎస్టీ 18 శాతం అట. 7,500 లోపు రూములకి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే బాబూ, ప్రెస్సు బిల్లులు రోజూ రాసేవాణ్ణి నాకే చెబుతావా అంటే, "ఏటి సార్, అందరికీ అంతే కదేటి" అన్నాడు. సరే, బిల్లివ్వు అన్నాను. సిస్టమ్ పనిచెయ్యట్లేదన్నాడు. పనిచేస్తూనే ఉంది, స్క్రీన్ మూలన విండోస్ యాక్టివేట్ చేసుకోమని బతిమాలుతున్న అక్షరాలు నాకు ఇవతల్నించే కనిపిస్తున్నాయి! చివరికి క్యాలెండర్ కాగితం చింపి వెనకాల 2,832 అని రాసిచ్చాడు. రెండు రాత్రులకీ కలిపి 312 రూపాయలు అప్పనంగా పోయాయి.

అది చాలదన్నట్టు ఏసీ రిమోట్‌కి 300 డిపాజిట్. బోర్డు మీద వైఫై ఫ్రీ అని ఉంటుంది, సిగ్నలేమో మెట్ల దగ్గర నిలబడితేనే వస్తుంది. వేడినీళ్లు ఆరు నుంచి ఏడు దాకానే, ఏడూ అయిదుకి లేస్తే చన్నీళ్లే గతి. ఫిబ్రవరి కాబట్టి బతికిపోయాం. ఖాళీ చేసేటప్పుడు రిమోట్ వెనక బ్యాటరీ మూత లేదని వంద కోయబోయాడు. అప్పుడు మావాడు ఇయర్‌ఫోన్ తీసి, ఫోన్లో ఫొటో చూపించాడు, మేం దిగిన రాత్రే తీసింది, మూత లేకుండా రబ్బర్‌బ్యాండ్ చుట్టిన రిమోట్. కుర్రాడు నోరెత్తకుండా 300 తిరిగిచ్చాడు. లాడ్జిలో దిగగానే రూములో ఉన్న వస్తువులన్నిటికీ ఫొటోలు తీసుకోండి.

సదస్సు ఫీజు 300, విద్యార్థులకి 100, మధ్యాహ్న భోజనం అందులోనే. వాళ్ల బస్సు ఎనిమిదిన్నరకి అని ఎనిమిదింపావుకే వెళ్లిపోయింది, ఆటోకి ఇంకో 200. మొదటి పూట ఉపన్యాసాలు మామూలే: 1983లో రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామర్ అందరూ స్వేచ్ఛగా వాడుకునేలా గ్నూ అనే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొదలుపెట్టడం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ రాయడం. ఒక్క మాట మాత్రం నచ్చింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని ఇంగ్లీషులో ఫ్రీ అన్నారు, ఆ ఫ్రీ అంటే స్వేచ్ఛా, ఉచితమా అని ఏళ్ల తరబడి వివరించుకోవాల్సి వచ్చిందట, మనకి ఆ బాధ లేదు, రెండు మాటలున్నాయి. లాడ్జి వైఫై ఏ లెక్కలోకి వస్తుందో అడుగుదామనుకున్నాను.

అసలు విందు మధ్యాహ్నం భోజనం దగ్గర మొదలైంది. కాలేజీ క్యాంటీన్ అంటే సాంబారు నీళ్లనుకుని వెళ్లాను. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఎండుమిరప వేయించి వేసిన ముద్దపప్పు, గడ్డ పెరుగు! వడ్డించే పెద్దావిడ "ఇంకాస్త ఏసుకోండి బాబూ, మళ్లీ ఎప్పుడొస్తారో" అని వద్దన్నా రెండోసారి వేసింది. కూరలో ఆవ ఘాటు ముక్కుదాకా వచ్చింది గానీ చేదెక్కలేదు, మా ఇంట్లో పదిసార్లు చేస్తే రెండుసార్లు కుదిరే పని అది.

భోజనం తర్వాత తెలుగు సెషన్. సాఫ్ట్‌వేర్ మెనూలో ఫైల్‌ని దస్త్రం అనాలా, ఫైల్ అనే ఉంచాలా అని అరగంట కొట్టుకున్నారు. నేను ఫైల్ వైపే, మా ప్రెస్సులో ఎవడూ దస్త్రం ఇవ్వరా అనడు. తర్వాత టెసరాక్ట్ చూపించారు. స్కాన్ చేసిన పేజీలోంచి అక్షరాలు చదివే సాఫ్ట్‌వేర్ అది, హెచ్‌పీ తయారుచేసి 2005లో కోడ్ అందరికీ ఇచ్చేసింది. నాకు కావాల్సింది ఇదే. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు మా దగ్గర వందలున్నాయి, అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతిలో లేవు కాబట్టి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చెత్త వస్తుంది. ప్రింటు తీసి దీంతో చదివించొచ్చు కదా అని నా ఆశ.

నేను తీసుకెళ్లిన పాత శుభలేఖ ఒకటి ఇచ్చాను. ముక్కాలు భాగం చక్కగానే చదివింది. కానీ మ, వు చూడ్డానికి ఒకలాగే ఉంటాయి కదా, సిరా కాస్త అలికితే దానికి తేడా తెలియట్లేదు. శుభలేఖలో మేనమామ వరసవాళ్ల దగ్గర మామయ్య అని ఉన్నచోట తెర మీద వూవుయ్య అని పడింది. హాలంతా నవ్వింది, మావాడైతే బల్ల మీద వాలిపోయాడు. ఆ తర్వాత వాడే వెళ్లి ఆ సెషన్ చెప్పినాయన పక్కన కూర్చుని, తప్పులు దిద్ది ఎలా పంపాలో, మన ఫాంట్లతో దానికి మళ్లీ ఎలా నేర్పాలో సాయంత్రం ఆరింటిదాకా అడిగాడు. రెండో రోజు నన్ను లేపింది వాడే, ఏడు కాకముందే, వేడినీళ్లున్నప్పుడే.

అరసవల్లి దర్శనం అరగంటలో అయిపోయింది, రథసప్తమి రద్దీ లేదు.

తిరిగి ఆమదాలవలస ప్లాట్‌ఫాం మీద రైలు నలభై నిమిషాలు లేటు. వాడు రెండు కప్పులతో వచ్చి ఒకటి నా చేతిలో పెట్టి, "వేడిగా ఉంది, చూసి తాగు వూవుయ్యా" అన్నాడు.