దెబ్బతిన్న కారుతో క్వాలిఫయింగ్: వెర్‌స్టాపెనా, అలోన్సోనా?

శనివారం రాత్రి ఫార్ములా వన్ క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలెట్టాలో తేల్చే పోటీ) అయిపోయాక ఒంగోలు కర్నూలు రోడ్డులో టీకి కూర్చుంటే చాలు, ఎవడో ఒకడు మొదలెడతాడు: "అన్నా, కారు దెబ్బతిన్నాక కూడా క్వాలిఫయింగ్‌లో బాగా తోలినోడు ఎవురు?" వాట్సాప్ గ్రూపులోనూ ఇదే గోల. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పలేక రాసి పెడుతున్నా.

ముందు పాతతరం డ్రైవర్లు సెన్నా, షూమాకర్ అభిమానులు క్షమించాలి. 1991 బ్రెజిల్‌లో చివరి ల్యాపుల్లో ఆరో గేరు ఒక్కదానితో సెన్నా గెలిచాడు. 1994 స్పెయిన్‌లో కారు ఐదో గేరులో ఇరుక్కుపోయినా షూమాకర్ రెండో స్థానంలో వచ్చాడు. గొప్పే, కానీ అవి రేసులు. 2021 మొనాకోలో లెక్లెర్ అంటారా, అతను గోడకి గుద్దింది పోల్ (మొదటి స్థానం) ల్యాప్ కొట్టేశాకే. అప్పటిదాకా కారు శుభ్రంగానే ఉంది.

ఇక మిగిలింది రెండు. 2023 బార్సిలోనాలో అలోన్సో, 2024 సిల్వర్‌స్టోన్‌లో వెర్‌స్టాపెన్. క్వాలిఫయింగ్‌లో మూడు రౌండ్లు, క్యూ1 నుంచి క్యూ3 దాకా; మొదటి రెండింట్లో వెనకబడ్డోళ్లు బయటికి పోతారు. ఇద్దరూ క్యూ1లోనే ట్రాక్ పక్క కంకరలోకి పోయారు. ఇద్దరికీ దెబ్బతిన్నది ఫ్లోరే, అంటే కారు అడుగుభాగం. ముందు రెక్క విరిగితే క్షణాల్లో కొత్తది బిగిస్తారు. ఫ్లోర్ అలా కాదు, అతుకులేసి పంపడమే. పైగా 2022లో వచ్చిన రూల్స్‌తో అప్పట్లో కారుని నేలకి అదిమిపట్టే బలంలో పెద్ద వాటా దానిదే.

నా వరకు అసలు కొలత ఒకటే: మారిపోయిన కారుని తెలుసుకోడానికి ఎంత టైము దొరికింది? రేసులో ల్యాపులకి ల్యాపులు ఉంటాయి, తోలుతూ తోలుతూ అలవాటు పడొచ్చు. క్వాలిఫయింగ్‌లో గట్టిగా తోలే ల్యాపులు నాలుగైదు దొరికితే గొప్ప. మన బండలాగుడు పందేలు చూసినోళ్లకి విడమరచక్కర్లేదు. గిట్ట నొప్పిగా ఉన్న ఎద్దు ఎంతవరకు లాగుతుందో తోలేవాడికి అంతుబట్టేలోపే టైము అయిపోతుంది. వెనక ఎంత పట్టు పోయిందో డ్రైవర్‌కి మలుపులోకి దిగితే గానీ తెలియదు. అది తెలుసుకునేందుకే ఒక ల్యాప్ ఖర్చు.

ఈ కొలతతో చూస్తే నా మొగ్గు వెర్‌స్టాపెన్ వైపే. సిల్వర్‌స్టోన్‌లో మ్యాగట్స్, బెకెట్స్ లాంటి మలుపులు ఒకదాని వెంట ఒకటి, అన్నీ మహా వేగం. ఫ్లోర్ చిట్లితే దాచుకోడానికి చోటే ఉండదు. ఆపైన క్యూ1 తడి ట్రాక్ మీద మొదలై ఆరుతూ వచ్చింది, అంటే కారూ మారింది, రోడ్డూ మారుతోంది. అలాంటి చోట క్యూ3 దాకా వచ్చి నాలుగో స్థానం పట్టాడు. ముందున్న ముగ్గురూ, రసెల్, హామిల్టన్, నోరిస్, సొంతగడ్డ మీద ఊపులో ఉన్న ఇంగ్లండు వాళ్లు.

అలోన్సోని తీసిపారేయట్లేదు. 41 ఏళ్ల వయసులో, సొంత స్పెయిన్ జనం ముందు, ఆ కారుతో క్యూ3కి వచ్చి తొమ్మిదో స్థానం. గాస్లీకి పెనాల్టీ పడటంతో ఎనిమిది నుంచి మొదలెట్టాడు. బార్సిలోనాలోనూ వేగం మలుపులకి కొదవలేదు. కానీ జోడీ డ్రైవర్ స్ట్రోల్ ఆరో స్థానంలో ఉన్నాడు. దెబ్బ ఖరీదు మూడు స్థానాలు అనుకోవచ్చు.

మా గ్రూపులో అలోన్సో వీరాభిమాని ఒకడున్నాడు. "రెడ్‌బుల్ కారిస్తే మావోడు పోలే కొట్టేవాడబ్బయా" అంటాడు. రెడ్‌బుల్ అంటే వెర్‌స్టాపెన్ టీము. కారు మంచిదే, నిజమే. మరి అదే కారు ఆ రోజు ఇంకొకటి కూడా ట్రాక్ మీద ఉంది కదా. అదే క్యూ1లో, వెర్‌స్టాపెన్ పోయిన కాప్స్ మలుపులోనే అతని జోడీ డ్రైవర్ పెరెజ్ కూడా కంకరలోకి పోయాడు. మళ్లీ బయటికి రాలేదు, 19వ స్థానం.