సగం ధర లింక్ రాడ్ల జత: టకటక దానిదే అయితే కొనొచ్చు

గతుకుల్లో ముందు చక్రాల దగ్గర టకటక మంటే చాలామంది మార్చేది లింక్ రాడ్లే. స్విఫ్ట్, డిజైర్ లాంటి కార్లకు వేసే ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీవి కాని) లింక్ రాడ్లు ఆన్‌లైన్‌లోనే కాదు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఒరిజినల్ కంటే బాగా తక్కువకే దొరుకుతాయి. పెట్టెలో రెండు రాడ్లు, నాలుగు నట్లు, అంతే. తీర్పు ముందే చెప్పేస్తే, పనికొస్తాయి. ‘మార్చినా చప్పుడు పోలేదు’ అని తిట్టుకునే చోట రెండు సంగతులు చూడాలి. చప్పుడు అసలు అక్కడిదేనా? నట్టు బిగించేటప్పుడు కొత్త జాయింటును మనమే పాడు చేశామా?

మొదటిది తేల్చుకోవడం కష్టం కాదు. లింక్ రాడ్ ఒక కొన స్టెబిలైజర్ బారుకు (మలుపుల్లో కారు ఎక్కువ ఒరగకుండా రెండు పక్కలనూ కలిపే కడ్డీ), రెండోది స్ట్రట్‌కు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు భాగం) ఉంటుంది. రెండు చక్రాలు ఒకేసారి లేస్తే బారు మెలి తిరగదు, లింకు మీద పెద్దగా బరువు పడదు. ఒక చక్రమే గుంతలో దిగితే మొత్తం లాగుడు దాని మీదే. కాబట్టి 15, 20 కిలోమీటర్ల వేగంతో గతుకుల సందులో పోనివ్వండి, టకటక వినిపిస్తుంది. అదే వేగంతో స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా ఎక్కించండి. అక్కడ చప్పుడు లేకుండా, ఒక పక్క చక్రాన్నే ఎక్కించినప్పుడు మళ్లీ వస్తే అనుమానం లింకు మీదికే వెళ్లాలి. ఇంకా నమ్మకం కుదరకపోతే రెండు వైపుల లింకులూ విప్పేసి అదే సందులో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి రండి. చప్పుడు మాయమైతే దొంగ లింకు, లేదా బారు బుష్ (బారును పట్టి ఉంచే రబ్బరు ముక్క). లింకులు లేని కారు మలుపుల్లో ఎక్కువ ఒరుగుతుంది, అలా హైవే ఎక్కకండి.

ఇవన్నీ చేసే ముందు డిక్కీలో జాకీ, పానాలు, స్టెప్నీ తీసి బయట పెట్టండి. నవ్వొస్తుంది గానీ, బిగింపు లేని జాకీ హ్యాండిల్ కూడా అచ్చం సస్పెన్షన్ లాగే మోగుతుంది.

ఈ కింది చప్పుళ్లకైతే ఈ పెట్టె కొనకండి. గతుకుల మీద బ్రేకు పెడల్‌ను కొద్దిగా నొక్కి పట్టగానే ఆగిపోయే చప్పుడు బ్రేకు ప్యాడ్లది, లేదా క్యాలిపర్ పిన్నులది. బ్రేకు వేసినప్పుడూ, రివర్స్ నుంచి ముందుకు కదిలినప్పుడూ ‘డబ్’ మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయి) బుష్‌లు చూడాలి. నిలబడ్డ కారులో స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’ మంటోందా? ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగు మీద అరచేయి ఆనించండి (చుట్ల మధ్య వేళ్లు పెట్టొద్దు). అదురు చేతికి తెలిస్తే స్ట్రట్ పై మౌంటుది, దాని బేరింగుది. మెల్లగా స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే కీచుమనేది ఎండిన స్టెబిలైజర్ బుష్. సబ్బు నీళ్లు పోసి చూడండి, కీచు కాసేపు ఆగిపోతే అదే. దాని మీద మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పూస్తే సిలికాన్ గ్రీజే పూయాలి.

ఇక సరుకు సంగతి. కొత్త రాడ్డు చేతిలోకి తీసుకుని స్టడ్‌ను (కొనలోని జాయింటు నుంచి బయటికి వచ్చే మర బోల్టు) వేళ్లతో వంచి చూడండి. బిగుతుగా, మెల్లగా, ఒకే తీరుగా కదలాలి. వదులుగా వాలిపోయినా, మధ్యలో పట్టేసినట్టు ఆగి ఆగి కదిలినా అది కొత్త పెట్టెలో ఉన్న పాత రాడ్డు లాంటిదే, వాపసు చేయండి. తర్వాత జాయింటును కప్పే రబ్బరు బూటు. దాని రెండు అంచుల్లో ఉండే తీగ రింగులు గాడిలో కూర్చున్నాయా లేదా గోటితో లేపి చూడాలి. ఈ ధర రాడ్లలో రాజీ పడేది ఎక్కువగా ఇక్కడే. బూటు అంచు లేస్తే నీళ్లు, ఇసుక లోపలికి వెళ్లి గ్రీజును తినేస్తాయి, తర్వాత జాయింటు అరుగుతుంది. పాత రాడ్డు పక్కన పెట్టి స్టడ్ నుంచి స్టడ్‌కు పొడవు కొలవడం మర్చిపోవద్దు. మోడల్ సంవత్సరం మారితే పొడవూ మారవచ్చు.

బిగింపులో గండం స్టడ్ తిరగడమే. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చేసి, రెండు పక్కలా జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇటుకలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. ఒక పక్కే లేపితే బారు మెలి పడి స్టడ్ రంధ్రంలోంచి రాదు, సుత్తితో కొట్టాల్సి వస్తుంది. తుప్పు పట్టిన మర మీద తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగండి. స్టడ్ మధ్య గుంటలో ఎలెన్ కీ (5 లేదా 6 మిల్లీమీటర్లది) పెట్టి పట్టుకుని, రింగు పానాతో నట్టు తిప్పాలి. గుంట అరిగిపోతే హ్యాక్సాతో కోసేయడమే. పాతది ఎలాగూ పారేసేదే కదా.

కొత్తది ఎక్కించేటప్పుడు ఇంపాక్ట్ గన్ ముట్టుకోవద్దు. స్టడ్ గిర్రున తిరిగితే బూటు మెలిపడి చిరుగుతుంది. నట్టు చేత్తో పట్టించి, ఎలెన్ కీతో స్టడ్‌ను ఆపి, చివరి బిగింపు టార్క్ రెంచితో ఇవ్వండి. 10 మిల్లీమీటర్ల మర ఉన్న లింకులకు సుమారు 50 న్యూటన్ మీటర్లు ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెదే చివరి మాట. నైలాన్ రింగున్న పాత నట్లు మళ్లీ వాడొద్దు. ఈ పెట్టెల్లో నట్టు సైజు ఒరిజినల్‌కు తేడాగా రావచ్చు, 14, 15, 17 పానాలు మూడూ దగ్గర ఉంచుకోండి.

నచ్చనిది బూటు నాణ్యతే. ఏడాది పొడవునా నీళ్లలో, మట్టి రోడ్లలో తిరిగే కారైతే ఒరిజినల్‌కే డబ్బు పెట్టడం మేలు. ఊళ్లోనే తిరిగే పాత కారుకు ఇది చాలు, రెండు పక్కలా ఒకేసారి మార్చితే. మారుతి 800 ఉన్నవాళ్లు మాత్రం దుకాణంలో ఈ రాడ్డు అడగొద్దు. ఆ బండిలో స్టెబిలైజర్ బారు నేరుగా లోయర్ ఆర్మ్‌లోకే వెళ్తుంది, వేరే లింకు ఉండదు.