మోటార్ మౌంట్ ప్యాకెట్ విప్పగానే కారుకి బిగించకండి: మూడు స్పర్ గేర్లు పోయాక రాస్తున్న హెచ్చరిక

ఆర్‌సి (రిమోట్ కంట్రోల్) కారుకి విడిగా అల్యూమినియం మోటార్ మౌంట్ (మోటార్‌ని పట్టి ఉంచే భాగం) కొన్నవాళ్ళు, కొనాలని చూస్తున్నవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. ప్యాకెట్ విప్పగానే కారుకి బిగించేయకండి. ఒకసారి స్క్రూ బిగిస్తే రంగు మీద గుండ్రటి గీత పడుతుంది. ఆ గీత చూపించి "వాడేశారు కాబట్టి వాపసు కుదరదు" అంటారు. నాకు సరిగ్గా అదే జరిగింది. అప్పటికే మూడు స్పర్ గేర్లు (మోటార్ తిప్పే పెద్ద నైలాన్ పళ్ళ చక్రాలు) పోయాయి. మోటార్ కూడా కాలిపోవాల్సింది, కొద్దిలో తప్పింది.

అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఇలాంటి సెట్లు రకరకాల కవర్లలో వస్తాయి. పేరు చూసి ఒకటి వదిలేసినా, ఇంకో కవర్లో అదే లోపం మీ చేతికి రావచ్చు. పేరు కన్నా లోపాన్ని ఎలా పట్టుకోవాలో తెలియడమే మీకు ఎక్కువ పనికొస్తుంది. మేం కొన్న సెట్‌లో ఎల్ ఆకారంలో వంచిన అల్యూమినియం మౌంట్, ఒక స్టీల్ పినియన్ (మోటార్ షాఫ్ట్‌కి బిగించే చిన్న పళ్ళ చక్రం), నాలుగు స్క్రూలు ఉన్నాయి. మూడింట్లోనూ తేడా ఉంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొట్టింది మౌంటే.

కారు మా తమ్ముడిదీ నాదీ కలిపి. 1/10 స్కేల్ ట్రక్కు, 540 సైజు బ్రష్‌లెస్ మోటార్, 3300 కేవీ (అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు), 2ఎస్ (రెండు సెల్స్, 7.4 వోల్టులు) లైపో బ్యాటరీ. స్పర్‌కి 54 పళ్ళు, పినియన్‌కి 15. కారుతో పాటు వచ్చిన ప్లాస్టిక్ మౌంట్‌లో స్క్రూ రంధ్రం సాగిపోయి మోటార్ కదలడం మొదలైంది. ఎలాగూ మార్చాలి కదా, ఈసారి మెటల్‌ది వేస్తే మళ్ళీ చూసుకోనక్కర్లేదు అనుకున్నాం.

కొత్త మౌంట్ వేశాక మొదటి స్పర్ నాలుగు బ్యాటరీలు నడిచింది. తర్వాత ఒక మలుపు దగ్గర థ్రాటిల్ నొక్కగానే కరకరమని చప్పుడు, కారు ఆగిపోయింది, మోటార్ మాత్రం గిర్రున తిరుగుతోంది. విప్పి చూస్తే ఒకచోట ఐదారు పళ్ళు చెక్కేసినట్టు పోయాయి. రెండో స్పర్ రెండు బ్యాటరీలకే పోయింది. తమ్ముడు ఆగిన కారుని ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ కొడుతున్నాడని, అందుకే పళ్ళు పోతున్నాయని వాడిని గట్టిగా కోప్పడ్డాను. "నేనే ఎక్కువ నొక్కేశానేమో అన్నయ్యా" అని వాడు కూడా ఒప్పేసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు వాడు కారుని సగం థ్రాటిల్ దాటించలేదు. తప్పు వాడిది కాదని ఇప్పుడు తెలుసు. అన్న మాట వెనక్కి తీసుకోలేను, అదే బాధ.

మూడో స్పర్ వేసేటప్పుడు మెష్ (రెండు గేర్ల పళ్ళు ఎంత దగ్గరగా కలవాలన్నది) నేనే దగ్గరుండి పెట్టాను. అందరం చేసే పద్ధతే: మామూలు రాత కాగితం సన్నటి ముక్క కత్తిరించి పినియన్‌కీ స్పర్‌కీ మధ్య పెట్టి, మోటార్‌ని దగ్గరికి నొక్కి, స్క్రూలు బిగించి, గేరు తిప్పి కాగితాన్ని బయటికి తీయడం. కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, పళ్ళ మధ్య కావాల్సిన సందు కూడా ఇంచుమించు అంతే. కాగితం చిరగకుండా మడతలు మడతలుగా బయటికొస్తే మెష్ సరిపోయినట్టు. మాది చిరగలేదు, మడతలు కూడా బాగానే వచ్చాయి. అయినా మూడో స్పర్ ఒక్క బ్యాటరీ కూడా పూర్తి చేయలేదు.

అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు. పోయిన మూడు స్పర్‌లనీ టేబుల్ లైటు కింద పెట్టి ఒక్కో పన్నూ చూశాను. మూడింటిలోనూ ఒకటే తీరు. పన్ను వెడల్పులో మోటార్ వైపు సగం మాత్రమే అరిగి, అంచు దగ్గర కరిగినట్టు మెత్తబడింది. రెండో సగం మీద అచ్చులోంచి తీసినప్పటి మెరుపు అలాగే ఉంది, పినియన్ దాన్ని తాకనే లేదు. చెత్తబుట్టలో పడేసిన కాగితం ముక్క తీసి విప్పి చూశాను. మడతలు ఒక అంచున లోతుగా, చాకుతో గీసినట్టు ఉన్నాయి. రెండో అంచుకి వచ్చేసరికి దాదాపు కనపడటం లేదు. అసలు సంగతి ఆ కాగితం ముందే చెప్పింది, చిరిగిందా లేదా అని మాత్రమే చూసి పడేశాను.

మౌంట్ విప్పి మూలమట్టం పెట్టి చూశాను. అడుగు భాగం మట్టానికి ఆనించి, మోటార్ కూర్చునే నిలువు పలకని చూస్తే, కింద అతుక్కుని ఉంది, పైకి పోయేకొద్దీ వెలుతురు కనిపిస్తోంది. 40 మిల్లీమీటర్ల ఎత్తున ఆ సందులో అదే రాత కాగితం ముక్కలు ఏడు పట్టాయి. అంటే 0.7 మిల్లీమీటర్ల తేడా, కోణంలో చెప్పాలంటే సుమారు 1 డిగ్రీ. ఒక్క డిగ్రీయే కదా అనిపిస్తుంది. స్పర్ పన్ను వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకుంటే, 1 డిగ్రీ వాలు వల్ల ఒక చివరికీ ఇంకో చివరికీ 0.14 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మనం కాగితంతో పెట్టే సందు కన్నా అది ఎక్కువ. ఒక అంచున మెష్ మరీ బిగుతు, ఇంకో అంచున మరీ వదులు. 3300 కేవీ మోటార్ 7.4 వోల్టుల మీద లోడ్ లేకుండా నిమిషానికి 24,000 చుట్లు దాటుతుంది. 15 పళ్ళ పినియన్ అంటే సెకనుకి 6,000 సార్లు పన్ను పన్నుకి తగులుతుంది. ఆ దెబ్బంతా సగం పన్ను మీదే పడితే నైలాన్ ఎంతసేపు ఆగుతుంది?

ఇంకో విషయం కూడా అప్పుడే అర్థమైంది. ఆ రోజుల్లో మోటార్ చేయి పెట్టలేనంత వేడెక్కేది. ఎండ వల్లనో, దుమ్ము వల్లనో అనుకున్నాం. బిగుతుగా ఉన్న అంచు దగ్గర గేర్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ మోటార్ మీద భారం పెంచుతున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే 88 డిగ్రీల సెల్సియస్ చూపించింది. 80 దాటుతోందంటే ఆపేయడమే మంచిది. మామూలు గ్రేడ్ నియోడిమియం అయస్కాంతాలు ఆ వేడి దగ్గర్నించే శక్తి కోల్పోవడం మొదలవుతుంది. ఒకసారి పోయిన శక్తి మోటార్ చల్లారినా తిరిగి రాదు.

స్క్రూల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. సెట్‌లో ఇచ్చినవి 10 మిల్లీమీటర్ల పొడవున్న ఎం3 స్క్రూలు. మౌంట్ పలక మందం 3. అంటే 7 మిల్లీమీటర్లు మోటార్ లోపలికి దిగుతాయి. చాలా 540 మోటార్లకి అంత లోతు ఉండదు. స్క్రూ కొన లోపలున్న వైండింగ్‌కి తగిలితే రాగి తీగ మీది పూత లేచి షార్ట్ అవుతుంది. మోటార్‌తో పాటు ఇఎస్‌సి (మోటార్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్) కూడా పోతుంది. మాది విప్పినప్పుడు ఒక స్క్రూ కొన మీద ఎర్రటి పూత రేణువులు అంటుకుని ఉన్నాయి. ఇంకో అర చుట్టు తిప్పి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. సెట్‌లో స్క్రూలు ఇచ్చారు కదా అని వాడేయకండి. మీ మోటార్‌కి ఎంత లోతు పనికొస్తుందో దాని కాగితంలో రాసి ఉంటుంది. దానికి పలక మందం, వాషర్ ఉంటే దాని మందం కలిపి, ఆ పొడవు దాటని స్క్రూ వేయండి. బిగించేటప్పుడు తల పలకకి ఆనకముందే స్క్రూ గట్టిగా తగిలితే బలవంతం చేయొద్దు, వెంటనే వెనక్కి తిప్పండి.

పినియన్ గురించి కొద్దిగానే చెప్తాను. షాఫ్ట్ 3.17 మిల్లీమీటర్లు, వచ్చిన పినియన్ రంధ్రం 5. మధ్యలో ఒక చీలిక ఉన్న రేకు గొట్టం ఇచ్చారు. దాంతో పినియన్ మధ్యలో కూర్చోదు, తిరుగుతుంటే ఊగుతుంది. షాఫ్ట్‌కి సరిపోయే రంధ్రం ఉన్నదే కొనండి. పళ్ళ కొలత సరిపోతుందో లేదో కూడా వెర్నియర్‌తో చూసుకోవచ్చు. పళ్ళ సంఖ్యకి 2 కలిపి మాడ్యూల్‌తో (పన్ను సైజు చెప్పే కొలత) గుణిస్తే బయటి వ్యాసం వస్తుంది. 15 పళ్ళ పినియన్ మాడ్యూల్ 0.8 అయితే 13.6 మిల్లీమీటర్లు, మాడ్యూల్ 1 అయితే 17. 32 పిచ్ (పిచ్ అంటే అంగుళాల లెక్కలో పన్ను సైజు), మాడ్యూల్ 0.8 దాదాపు ఒకటే కాబట్టి కలిపి నడిపేవాళ్ళు ఉన్నారు. 48 పిచ్, మాడ్యూల్ 0.6 మాత్రం కలవవు. చూడ్డానికి ఒకేలా ఉన్నా పళ్ళు నమిలేస్తాయి.

అమ్మినవాళ్ళకి మూలమట్టం ఫొటో, కాగితం ఫొటో, మూడు స్పర్‌ల ఫొటోలు పంపాను. మొదట మెష్ సరిగ్గా పెట్టుకోలేదన్నారు. కాగితం చూపించాక, మా కారు మోడల్‌కి అది సరిపోదన్నారు. అమ్మేటప్పుడు సరిపోతుందని రాసింది వాళ్ళే. చివరికి స్క్రూ గీతలు పడ్డాయి కాబట్టి వాపసు లేదని తేల్చేశారు. మట్టం పెట్టినప్పుడు కనిపించిన వెలుతురు గురించి మాత్రం ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. బిగించకముందే ఆ ఫొటో తీసి పంపి ఉంటే వాళ్ళకి ఆ సాకు దొరికేది కాదు.

అందుకే ప్యాకెట్ రాగానే, కారు దగ్గరికి తీసుకెళ్ళకుండానే, ముందు మౌంట్‌ని అద్దం మీద పెట్టి మూలలు ఒక్కొక్కటీ నొక్కండి. టకటకమని ఊగితే అడుగు తిన్నగా లేనట్టే. తర్వాత మూలమట్టం పెట్టి వెలుతురు చూడండి, ఒక ఫొటో తీసి ఉంచుకోండి. మోటార్ జరిగే పొడుగు రంధ్రాలు మరీ వెడల్పుగా ఉన్నాయేమో చూడండి. ఉంటే స్క్రూ తలకి ఆనడానికి చోటు చాలదు, ఎంత బిగించినా థ్రాటిల్ నొక్కినప్పుడు మోటార్ జారి పినియన్ దూరం జరుగుతుంది. ఇవి దాటితేనే కారుకి వేయండి. వేశాక కాగితం పరీక్ష ఒక్కచోటే చేసి వదలకుండా, స్పర్‌ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల చేయండి. స్పర్‌లు అన్నీ నిజంగా గుండ్రంగా ఉండవు. బయటికొచ్చిన కాగితాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని రెండు అంచుల్లో మడతలు ఒకేలా ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి.

మౌంట్ కింద ఒక వైపు సన్నటి రేకు పెట్టి వాలు సరిచేయొచ్చని కొందరు అంటారు. నేనూ చేసి చూశాను. మొదట బాగానే ఉంటుంది. రెండుసార్లు కారు దూకాక రేకు నలిగి మౌంట్ మళ్ళీ వాలిపోయింది. అది కారుకి శాశ్వతంగా పనికొచ్చే మందు కాదు.

అలాగని స్పర్ పోయిన ప్రతిసారీ మౌంట్‌నే అనుమానించనక్కర్లేదు. పళ్ళన్నీ బాగున్నా మోటార్ తిరుగుతూ కారు కదలకపోతే, ముందు పినియన్‌ని షాఫ్ట్‌కి బిగించే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) చూడండి. అది షాఫ్ట్ మీద చదునుగా చెక్కిన భాగం మీదే పడాలి, గుండ్రటి భాగం మీద ఎంత బిగించినా జారుతుంది. ఎం3 గ్రబ్ స్క్రూకి 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది, అరిగిన కీ వాడితే లోపలి మూలలు గుండ్రమైపోయి ఇక విప్పలేరు. లోహానికి లోహం తగిలే చోట మధ్యస్థ బలం ఉన్న నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. ప్లాస్టిక్ మీద మాత్రం వేయొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్ళిస్తాయి. గ్రబ్ స్క్రూ బాగుంటే స్లిప్పర్ క్లచ్ (భారం ఎక్కువైతే జారి గేర్లని కాపాడే భాగం) వదులైందేమో చూడండి. పన్ను వెడల్పంతా సమంగా అరిగి పోతే మెష్ వదులు కావచ్చు, సన్నటి రాయి ఇరుక్కుని ఉండొచ్చు. సగం వెడల్పే అరిగితే మాత్రం మరో స్పర్ కొనకండి. ముందు మౌంట్ విప్పి మట్టం పెట్టండి. ఇవన్నీ చూసేటప్పుడు బ్యాటరీ తీసేయండి, తిరిగే పినియన్ దగ్గర వేలు పెడితే క్షణం చాలు.

ఇలాంటి సెట్ ఇప్పటికే తెప్పించుకుని ఇంకా విప్పనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాపసు గడువు ఎప్పటివరకు ఉందో ముందు చూసుకోండి. పరీక్ష ఈ రోజే చేసేయండి.

మేం మాత్రం కారు తయారుచేసినవాళ్ళ అసలు ప్లాస్టిక్ మౌంట్‌నే మళ్ళీ తెప్పించి, రంధ్రం సాగకుండా స్క్రూల కింద వాషర్లు వేసి నడుపుతున్నాం. థ్రాటిల్ ఎంత కావాలంటే అంత నొక్కమని తమ్ముడికి చెప్పాను. నిన్నటికి పదమూడు బ్యాటరీలు అయ్యాయి, మోటార్ 65 డిగ్రీలు దాటలేదు. రాత్రి స్పర్ తీసి లైటు కింద పెట్టి చూశాం. పన్ను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే మెరుపు.