ట్యాంకులో నీళ్లు తీసే సీసా మందు: పాత బండికి కొనాలా?

స్పేర్ పార్టుల షాపుల్లో 'వాటర్ రిమూవర్' పేరుతో దొరికే చిన్న సీసాల్లో చాలావాటిలో ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. నీళ్లకీ పెట్రోలుకీ పొసగదు, ఆల్కహాల్ మాత్రం రెండింటితోనూ కలుస్తుంది. ట్యాంకు అడుగున చేరిన చుక్కల్ని పెట్రోల్లో కలిపేస్తే అవి ఇంజన్ గుండా పోతాయన్నది దీని లెక్క. లెక్క తప్పు కాదు. కానీ పాత స్ప్లెండర్, బుల్లెట్, ఆర్‌ఎక్స్ 100 లాంటి కార్బురేటర్ బళ్లలో పోసి నడపడానికైతే ఇప్పుడు ఇది కొనక్కర్లేదు.

కారణం బంకులో పోసే పెట్రోలే. ఈ20 పది లీటర్లు పోయిస్తే అందులో రెండు లీటర్లు ఇథనాల్, అంటే అదీ ఆల్కహాలే. రెండు లీటర్ల వల్ల కానిది 50 మి.లీ. సీసా వల్ల ఏమవుతుంది? ఇథనాల్ కొంతవరకే నీళ్లు పీల్చుకుంటుంది. హద్దు దాటితే ఆ నీళ్లతో కలిసి పెట్రోలును వదిలేసి అడుగుకు దిగిపోతుంది. పది శాతం ఇథనాల్ ఉండే ఈ10లో ఆ హద్దు పది లీటర్లకు సుమారు 50 మి.లీ. నీళ్లు, ఈ20లో ఇంకొంత ఎక్కువ. చల్లబడితే హద్దు తగ్గుతుంది. రాత్రి బాగా నడిచిన బండి తెల్లారి మొరాయించడానికి ఇదీ ఒక కారణం. విడిపోయాక పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ (ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం) కూడా తగ్గుతుంది కాబట్టి అడుగు నీళ్లు ఒక్కటే తీస్తే చాలదు, మొత్తం దించాల్సిందే.

ముందు అనుమానం తీర్చుకోండి. రిజర్వ్‌కి తిప్పిన కాసేపటికే ఇంజన్ తడబడుతుంటే నీళ్లుండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రిజర్వ్ దారి ట్యాంకు అడుగు నుంచే లాగుతుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద అరగంట కదపకుండా ఉంచి, పెట్రోలు ట్యాప్ నుంచి పైపు పీకి, రిజర్వ్‌లో పెట్టి, గాజు సీసాలోకి పావు లీటరు పట్టండి. ఆరుబయటే చెయ్యాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. సీసాను వెలుతురుకు పెడితే అడుగున గంజి తేటలా వేరే పొర, మధ్యలో సన్నని గీత కనబడతాయి. ఆ పొరలోంచి ఒక చెంచా తీసి నీళ్లు కలపండి. తేలకుండా కలిసిపోతే అది పెట్రోలు కాదు.

ట్యాప్ తిప్పి వదిలేస్తే పని పూర్తవదు. రిజర్వ్ రంధ్రం కంటే కింద కొంత మిగిలిపోతుంది. ట్యాంకు దించి, ట్యాప్ విప్పి, వాల్చి ఒంపాలి. ట్యాప్ జాలీ కడిగి, ఓ-రింగ్ (రబ్బరు వలయం) కొత్తది వెయ్యండి. కార్బురేటర్ కింద గిన్నె డ్రైన్ స్క్రూ వదులు చేసి అందులోదీ దించండి. గిన్నెలో తెల్లటి పొడి పేరుకుని ఉంటే నీళ్లు చాలాకాలంగా ఉన్నట్టే. అప్పుడు పెట్రోలు వెళ్లే సన్న రంధ్రాల ముక్కలు రెండూ, అంటే పైలట్ జెట్, మెయిన్ జెట్ విప్పి గాలి కొట్టాలి. జెట్ రంధ్రంలో తీగ పెట్టొద్దు, కొలత చెడుతుంది.

సీసా మందుకు అసలు చోటు ఇక్కడే. ఖాళీ ట్యాంకులో 200 మి.లీ. పోసి, మూలలకు అందేలా తిప్పి, పూర్తిగా ఒంపేయాలి. అతుకుల్లో దాగిన తడి దాంతో వచ్చేస్తుంది. పెయింట్ మీద పడితే వెంటనే తుడవండి. వెంటనే పెట్రోలు పోయకపోతే కొంచెం 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బళ్ల ఇంజనాయిల్) లోపల తిప్పి ఉంచాలి. ఆరిన ఇనుము రాత్రికి రాత్రే ఎరుపెక్కుతుంది. కొనేటప్పుడు లేబుల్ చదవండి, మిథనాల్ ఉంటే వద్దు. అల్యూమినియాన్నీ రబ్బరునూ తింటుంది, మనిషికీ విషమే.

సీసా మందుకు నా మార్కులు: నడిచే బండి ట్యాంకులో పోసేందుకు ఐదుకు ఒకటి, ఖాళీ ట్యాంకు కడగడానికి నాలుగు. రెండో పనికి మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్ రకం వాడకండి, మిగతాది నీళ్లే.

నీళ్లు ఎలా దిగాయో చూడకుండా ట్యాంకు బిగించొద్దు. మూత కింది రబ్బరు గట్టిపడిందేమో గోటితో నొక్కి చూడండి. మూత చుట్టూ గుంట ఉన్న ట్యాంకుల్లో వాననీళ్లు బయటికి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే ప్రతి వాటర్ వాష్‌కీ గుంట నిండి రబ్బరు పక్కనుంచి లోపలికి జారుతుంది. సైకిల్ బ్రేకు తీగ ఒకటి దూర్చి, గుంటలో గ్లాసుడు నీళ్లు పోస్తే కింద కారాలి.